చప్పుళ్ళాయన ఇత్తడి మూత

చప్పుళ్ళాయన రేడియోలో చంపినంతమందిని ఏ సైన్యమూ చంపి ఉండదు. తడిసిన గోనెసంచిని కర్రతో బాదితే మనిషి ఒంటిమీద దెబ్బ. కాబేజీని రెండుచేతులా పట్టి మెలితిప్పితే మెడ విరిగినట్టు. తోలు దిండు మీద బెత్తంతో లాగి కొడితే తుపాకీ. ఆదివారం మధ్యాహ్నం నాటకంలో రాజులూ దొంగలూ పెళ్ళాల్ని అనుమానించే మొగుళ్ళూ ఆయన చేతిలోనే చచ్చేవారు. ఇంటికెళితే మాత్రం బొద్దింకను చంపడానికి కూడా భార్యనే పిలిచేవాడు.

ఆయన దేశానికి జెండా కుట్టకముందే రేడియో ఉంది. మొదట అది ఓ గోదాములో రెండు గదులు. గోడలకు దుప్పట్లు మేకులతో కొట్టి, ఫ్యాను చప్పుడు లోపలికి రాకూడదని ఆపేసి, చొక్కాలు విప్పి వార్తలు చదివేవారట. తర్వాత మేడ కట్టారు, ప్రసార స్తంభం ఎత్తు పెంచారు, అధికారంలోకి ఎవరొచ్చినా మొదటి మాట అక్కడే మాట్లాడారు. నేను తిరిగిన చాలా చోట్ల ఇదే చూశాను. తిరగబడ్డవాళ్ళు ఖజానాకి తర్వాత వెళతారు, ముందు మైకు దగ్గరికి వస్తారు. డబ్బు ఎక్కడికీ పోదు, మాట మాత్రం ఇంకొకడి నోట్లో పడిపోతుందని వాళ్ళ భయం.

ఇక మూత సంగతి. చప్పుళ్ళు చేసే మూలకీ, చదివేవాళ్ళు కూర్చునే మూలకీ మధ్య దళసరి తెర ఉండేది. ఒకరికొకరు కనబడరు. కాల్పులు అయిపోయాయో లేదో చదివేవాడికి తెలియాలి కదా. అందుకని చప్పుళ్ళాయన ఆఖరి గుండు తర్వాత ఓ ఇత్తడి మూతని నేలమీద వదిలేవాడు. అది గిరగిరా తిరిగి పడుకునేలోపు అవతలివాడు చదవడం అందుకోవాలి. వినేవాళ్ళు అదేదో సిపాయి టోపీ దొర్లిందనుకున్నారు. యుద్ధాలాడుకునే పిల్లలు చచ్చిపడ్డాక నోటితో ‘ఠంగ్’ అనేవారు. ఇళ్ళలో తగువు ముదిరితే పెద్దవాళ్ళు, “చాల్లే, ఇక మూత పడెయ్యండి,” అనేవారు.

తెరకు అవతల ఎక్కువగా కూర్చునేది ఆయన బావమరిదే. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. వార్తలు చదివే ఉద్యోగం, ఆదివారం నాటకానికి వ్యాఖ్యానం. “బావా, నువ్వు మూత వెయ్యకపోతే ముసలాణ్ణయ్యేదాకా ఇక్కడే కూర్చుంటాను,” అని ఎగతాళి చేసేవాడు.

ఓ పనిరోజు పొద్దున్న సైనికులు గేటు దగ్గరి కాపలాదారుని కడుపులో పొడిచి లోపలికి వచ్చారు. అతను రెండుచేతులతో పేగులు పట్టుకుని మెట్లమీద కూర్చునే పోయాడు. అడ్డంపడిన ఇంజనీరుని పై అంతస్తు కిటికీలోంచి తోసేశారు. వాళ్ళ నాయకుడు ఓ కెప్టెన్. అతని చేతికి చిక్కింది రేడియో ఒక్కటే. ప్రభుత్వ సైన్యం ఉండే బారకాసుల మీద పడతామన్న దళాలు ఎటు గెలుపో తేలాక కదుల్దామని కూర్చున్నాయి. అంచేత యుద్ధం జరుగుతున్నట్టు ఊరంతా వినాలి, బారకాసులు లొంగాయని వార్త రావాలి.

కెప్టెన్ ముందు తన తుపాకీనే మైకు దగ్గర పేల్చాడు. బయటి స్పీకర్‌లో అది పక్కింట్లో ఎవరో పీట విసిరినట్టు వినిపించింది. అప్పుడెవరో చప్పుళ్ళాయన గురించి చెప్పారు.

ఆయన్ని ఈడ్చుకొచ్చేసరికి బావమరిది కుర్చీకి కట్టేసి ఉన్నాడు. “చేస్తావా?” అంటూనే కెప్టెన్ పిస్తోలు మడమతో అతని నోటిమీద కొట్టాడు. పన్ను ఒకటి బల్లమీద పడింది.

“ముక్కుమీద కొట్టకండి సార్, గొంతు మారిపోతుంది,” అన్నాడు చప్పుళ్ళాయన. ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. “చేస్తాను. వాణ్ణి వదిలెయ్యండి.”

“బాగా చేస్తే వదిలేస్తా. తేడా వస్తే ఈసారి ఊడేది పన్ను కాదు.”

చప్పుళ్ళాయన బాగానే చేశాడు. అంత బాగా ఎన్నడూ చెయ్యలేదు. దిండు చిరిగి దూది పైకి వచ్చేదాకా బాదాడు, రేకులు ఊపాడు, ఇసుక పోశాడు, కాబేజీలు విరిచాడు. చివరి గుండు కొట్టి ఆగాడు.

తెర అవతల మాట లేదు. బావమరిది నోట్లో నెత్తురు పెట్టుకుని కాగితం ముందు కూర్చున్నాడు, కానీ మొదలెట్టడం లేదు. తెర కింద సందులోంచి చప్పుళ్ళాయనకు అతని చెప్పులు కనబడుతున్నాయి. వాటి పక్కకి బూట్లు జరిగాయి. పేల్చడానికి సిద్ధంచేస్తూ పిస్తోలు గుర్రం వెనక్కి లాగిన చప్పుడు వినబడింది. ఆ చప్పుడు ఆయనకు తెలుసు, కత్తెరతో ఎన్నోసార్లు చేశాడు. మరుక్షణం మూత వదిలేశాడు.

అది తిరుగుతుండగానే బావమరిది గొంతు లేచింది. “బారకాసులు లొంగిపోయాయి...”

ఊరు నవ్వింది. క్షౌరశాలలో సగం గడ్డంతో ఉన్నవాడు నవ్వి చెంప తెగ్గోయించుకున్నాడు. ఎటూ తేల్చుకోని దళాల్లో సిపాయిలంతా ఆదివారం నాటకం వింటూ పెరిగినవాళ్ళే. “మూత పడిందిరోయ్,” అని తుపాకులు గోడకానించారు. జనం రోడ్డెక్కారు.

స్టూడియోలో ఫోను మోగితే కెప్టెనే ఎత్తాడు. “నాయనా, ఇవాళ ఆదివారం కాదుగా, నాటకం వేశారేం? దీని పేరేంటి?” అని ఓ ముసలావిడ అడిగింది. అతను ఫోను పెట్టేసి, ఇవతలికొచ్చి, నేలమీది మూతని బూటుతో కదిపాడు. “ఇదెవడి తెలివి?”

చప్పుళ్ళాయన నోరు విప్పేలోపు బావమరిది అన్నాడు, “నాది. మూత వెయ్యమని సైగ చేశాను. మా బావకేం తెలీదు, చెప్పింది చేస్తాడంతే.”

కెప్టెన్ అతని చెవిలో పేల్చాడు. మైకు ఇంకా తెరిచే ఉంది. తర్వాత చప్పుళ్ళాయన చేతులు బల్లమీద పరిచి తుపాకీ మడమతో వేళ్ళన్నీ చితక్కొట్టించాడు. ఎముక విరిగినప్పుడు కాబేజీ చప్పుడు రాదని ఆయనకు అప్పుడే తెలిసింది. అసలేమీ వినబడదు. విరిగినవాడి అరుపులో అది మునిగిపోతుంది.

మధ్యాహ్నానికి జనం గేటు విరగ్గొట్టి వచ్చారు. కెప్టెన్‌ని మెట్లమీదే రాళ్ళతో కొట్టి చంపారు. చచ్చాక కూడా కొట్టారు.

రేడియో తన చరిత్రలో బావమరిదిని వీరుడిగా రాసుకుంది. రహస్య సైగతో దేశాన్ని కాపాడాడని ఓ హాలుకు అతని పేరు పెట్టారు. ఇంట్లో భార్య చప్పుళ్ళాయనకు చొక్కా గుండీలు పెడుతూ అడిగింది, “నిజంగా వాడు సైగ చేశాడా?”

“తెర అడ్డం ఉంటే సైగెలా కనబడుతుందే? మూత పడందే వాడికి మాట రాదు. వాడు బతకాలని వేశాను.”

“మరి అలా ఎందుకన్నాడు?”

“నేను బతకాలని.”

ఆమె మిగిలిన గుండీలు పెట్టింది. కాలరు సరిచేసింది. చాలాసేపు వదల్లేదు.

ఏళ్ళు గడిచి రేడియో పుట్టినరోజు పండుగ వచ్చింది. ఆ పాత గదిలో, ఆ తెర ఉంచే, ప్రత్యక్ష ప్రసారం పెట్టుకున్నారు. కార్యక్రమం నడిపే అమ్మాయి దంపతుల్ని పిలిచి ముందుగా ఆనాటి టేపు వినిపించింది. బావమరిది ప్రాణం పోయిన చప్పుడు పుస్తకం జారిపడ్డట్టుంది.

“బాబాయ్, ఇది తుపాకీలా లేదు. వినేవాళ్ళకి అర్థం కాదు. మీరు దిండుమీద ఒకటి కొట్టి ఇవ్వరూ?”

ఆయన వంకర వేళ్ళతో బెత్తం అందుకోబోయాడు. భార్య ఆ చేతిమీద చెయ్యి వేసింది.

“అదే వెయ్యమ్మా. మా తమ్ముడు పోయిన చప్పుడు అదే. దానికి మెరుగులు పెట్టొద్దు.”

“జనం గుర్తుపట్టరు పిన్నీ.”

“గుర్తుపట్టకపోతే చెప్పండి. చెప్పడమేగా మీ పని.”

ప్రసారంలో అదే వేశారు. చిన్న చప్పుడు, దాని వెనక ఏమీ లేదు. తెర అవతల కొత్త కుర్రాడు కాగితం పట్టుకుని కూర్చున్నాడు. ఆ గది పద్ధతి అతనికీ నేర్పారు, అతనూ ఆగాడు. మౌనమంటే హడలిపోయే ఆ రేడియో గదిలో అందరి కళ్ళూ చప్పుళ్ళాయన మీద పడ్డాయి. ఆయన భార్యవైపు చూశాడు. ఆమె తల ఊపింది.

వేళ్ళు వంగవు కనుక మూతని రెండు అరచేతుల మధ్య నొక్కి పైకెత్తి, విడిచాడు. అది నేలమీద గిరగిరా తిరిగింది. ఆగకముందే అవతల గొంతు అందుకుని, పోయినవాడి పేరు చదివింది.