రంగు తేలకముందు పెట్టిన పేరు

మొన్న బీరకాయ చెక్కు తీస్తూ ఉంటే లోపల తెల్లటి పురుగులు మెలికలు తిరుగుతూ కనిపించాయి. మా కోడలు మొహం చిట్లించి కాయ మొత్తాన్ని చెత్తబుట్టలో పడేసింది గాని, నేను మాత్రం కాసేపు ఆ బుట్ట వైపే చూస్తూ కూర్చుండిపోయాను. ఒకప్పుడు ఇలాంటి పుచ్చిన కాయల కోసమే ఊళ్ళు పట్టుకు తిరిగామంటే ఈ కాలం పిల్లలు నమ్మరు. నా ఈడువాళ్ళు మీరైతే నమ్ముతారు.

అరవైల చివర్లో విజయనగరంలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. మా మాస్టారికి ఈగలంటే ప్రాణం. ఒకే ఈగకు ఒక దేశంలో ఒకరు, ఇంకో దేశంలో ఇంకొకరు వేరువేరు పేర్లు పెట్టేసి వెళ్ళిపోయేవారు. అలాంటప్పుడు ముందు అచ్చయిన పేరే చెల్లుతుంది, తర్వాతది చెల్లదు. పాత పుస్తకాలు ముందేసుకుని ఏ పేరు ముందుదో, ఏది వెనకదో తేల్చడం, సూక్ష్మదర్శిని కింద ఒక్కో ఈగ వీపు మీద వెంట్రుకలు లెక్కపెట్టడం, అట్టపెట్టెల్లో కలరా ఉండలు మార్చడం, ఇదే మా పని. సాయంత్రానికి కళ్ళు మండిపోయేవి, మెడ పట్టేసేది. ఇంత చేసి మేం తేల్చేదల్లా ఫలానా పేరు వద్దు అని. ఇదీ ఒక ఉద్యోగమేనా అని నాలో నేను విసుక్కోని రోజు లేదు.

మాస్టారి భార్యను నేను పిన్నిగారు అనేదాన్ని. ఆవిడ పుట్టింటివారికి రామతీర్థం దగ్గర కూరపాదులుండేవి. అక్కడినుంచి ఆవిడే సంచినిండా పుచ్చిన బీరకాయలు, దోసకాయలు మోసుకొచ్చేవారు. బస్సులో జనం వాసనకు ముక్కు మూసుకుంటే, "ఏటి సేస్తాం అమ్మా, మా ఆయనకి మంచి కాయ పనికిరాదు" అని నవ్వేసేవారట. ఆ కాయల్ని ఇసక పోసిన గాజు జాడీలో పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టేవాళ్ళం. పురుగులు ఇసకలోకి దిగి గింజల్లా గట్టిపడి, కొన్నాళ్ళకు ఈగలై పైకి వచ్చేవి. అలా వచ్చినవాటిలో మాస్టారికి ఏ పుస్తకంలోనూ లేని ఈగ దొరికింది. ఎండుగడ్డి రంగులో, ఒక్క నల్లచార కూడా లేకుండా పాలిపోయి ఉండేది. కొత్త జాతి అని నిశ్చయించుకుని, పిన్నిగారి పేరుకు లాటిన్ తోక తగిలించి అచ్చువేయించారు. ఆ పేరు ఇక్కడ రాయను, ఆవిడకు ఇష్టం ఉండదు. "పోయి పోయి ఈగకా నా పేరు?" అని చీవాట్లు పెట్టారు గాని, ఆ అచ్చుకాగితాన్ని పెట్టెలో పట్టుచీరల మడతల్లో దాచుకున్నారు.

మాస్టారివాళ్ళది తరతరాలుగా గుళ్ళో అర్చన చేసుకునే కుటుంబం. ఈగల్ని చంపక తప్పని చదువు చదివారే గాని, అవి గుడ్డకేసి కొట్టుకుంటుంటే చూడలేకపోయేవారు. బందీగా ఉంచి ఆకలికి మాడ్చడం కంటే త్వరగా ముగించడమే దయ అని, ఈగ పైకి వచ్చిన పూటే చంపే మందు పోసిన సీసాలో వేయించేవారు. అది ఆయన పద్ధతి, మాకు అదే శాస్త్రం.

ఒక వానాకాలం, కొత్త ఈగలు పైకి వచ్చిన రోజునే సీసాలో మందు అయిపోయింది. మర్నాడు చూద్దాంలే అని బెల్లం నీళ్ళలో ముంచిన దూది జాడీలో పెట్టి వెళ్ళాను. వాన వదల్లేదు, కాలేజీ నాలుగు రోజులు మూసేశారు. ఐదో రోజు వచ్చి చూద్దును గదా, పాలిపోయిన ఈగ ఒక్కటీ లేదు. ఎర్రటి ఒంటి మీద పసుపుపచ్చ గీతలతో, నల్లని చారలతో, ఏ బీరపాదు మీద చూసినా కనిపించే మామూలు పండు ఈగలు! మా తాతల నాడే ఎవరో దొర పేరు పెట్టేసినవి. పుట్టిన రోజు ఈగకు రంగు ఉండదు, నాలుగు రోజులు తిని బతికితేనే తేలుతుంది. మాస్టారి ఈగల్లో ఒక్కటీ అన్నాళ్ళు బతకలేదు.

జాడీని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి దారం ముడి మీద చెయ్యి వేశాను. విప్పేస్తే అవి ఎగిరిపోతాయి, ఆయన ఈగా, ఆవిడ పేరూ పదిలంగా ఉంటాయి. విప్పలేదు. నా నిజాయితీ అని మీరు మెచ్చుకోనక్కర్లేదు, ఆ అబద్ధాన్ని జీవితాంతం మోసే ఓపిక నాకు లేదు, అంతే.

మాస్టారు భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. మరో జాడీలో కొత్త ఈగలకు తన చేత్తోనే బెల్లం నీళ్ళు పెట్టి, రోజూ వచ్చి చూసుకున్నారు. ఐదో రోజు కాగితాలు తెమ్మని, తను పెట్టిన పేరు చెల్లదని తనే రాశారు. తప్పు కనిపెట్టింది నేనని కూడా రాశారు. నా పేరు తీసేయమని బతిమాలినా వినలేదు.

ఇంట్లో చెప్పడానికి మాత్రం ఆయనకు నోరు రాక నన్ను వెంటబెట్టుకెళ్ళారు. పిన్నిగారు బియ్యంలో రాళ్ళు ఏరుతూ అంతా విన్నారు.

"అంటే ఇంక ఆ ఈగకి నా పేరు ఉండదేటి?"

మాస్టారు తల వంచుకున్నారు. ఆవిడ చేట పక్కన పెట్టి, "పోన్లెండి. ఆకలితో ఉన్న పిల్లని సూసి ఇది వేరే పిల్ల అనుకున్నారు. ఒక్క ముద్ద పెట్టి సూస్తే తెలిసిపోయేది గదా" అని, నన్ను కాఫీ తాగి వెళ్ళమన్నారు. వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం నేను చూశాను. 

ఇద్దరూ వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. ఆయన పెట్టెలు బూజు పట్టి, పురుగు తినేసి, గదులు మారినప్పుడు ఎక్కడికి పోయాయో తెలియదు. ఇప్పుడు ఈగ కాలు ఒకటి ఇస్తే చాలు, యంత్రమే జాతి చెప్పేస్తుందట. మంచిదే, మాలాగా ఎవరూ కళ్ళు పోగొట్టుకోనక్కర్లేదు. ఆయన సరిగ్గా తేల్చినవన్నీ పుస్తకాల్లో కలిసిపోయాయి, తేల్చిందెవరో ఎవరికీ తెలియదు. కానీ ఒకసారి అచ్చయిన పేరును, తప్పయినా సరే, జాబితాలోంచి కొట్టేయకూడదు. అసలు పేరు కింద, ఫలానావారు దీన్ని ఇలా పిలిచారు అని చిన్నక్షరాల్లో రాస్తూనే ఉండాలి. ఈ ప్రపంచంలో ఆ ఈగ గురించి రాసేవాళ్ళు ఎవరైనా ఆవిడ పేరు దాటుకునే పోవాలి.

ఆ నియమం నాకు అప్పటికే కంఠతా వచ్చు. మీ పేరు ఎక్కడికీ పోదు పిన్నిగారూ అని, కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్న ఆ పూట ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. అది ఓదార్పు అవుతుందని తట్టే వయసు కాదు నాది. తట్టేసరికి చెప్పడానికి ఆవిడ లేరు.