మెట్ల మీంచి పడ్డానని చెప్పాను

ఇరవై ఏళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. ఒక్క వాక్యం. దానివల్ల ఎవరి ప్రాణమూ పోలేదు, అందుకే దాచడం తేలికైంది. మీరు నన్నెరగరు. అందుకని మీతో చెబుతున్నాను.

నా ఎడమ కాలు కుడిదానికంటే పొట్టి. రెండో ఏట పోలియో వచ్చింది. అమ్మ మాత్రం మెట్ల మీంచి పడిందని చెప్పేది. మాది పెంకుటిల్లు, మెట్లే లేవు. కొల్లేరు అంచున మా ఊళ్లో ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్లే. తాగేనీళ్లు దూరం నుంచి తెచ్చుకోవాలి. చంకలో నిండు బిందె ఉన్న ఆడదాని నడక తిన్నగా ఉండదు. అమ్మకి అది కలిసొచ్చింది. ఇంటికి కొత్తవాళ్లెవరైనా వస్తున్నారంటే నా చేతికి బిందె ఇచ్చి పంపేది. బరువుకి ఒరుగుతున్నాననుకునేవారు. అలా నా కాలికి ఎప్పుడూ ఏదో ఒక సాకు ఉండేది. పెద్దయ్యాక నేనే సాకులు వెతుక్కున్నాను. అందరికంటే ముందు బడికి చేరడం, చివర్న బయల్దేరడం, ఫొటోల్లో కూర్చోవడం.

ఏలూరు నుంచి బస్సులో వెళ్లి ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. అక్కడ పదో తరగతిలో పద్మ ఉండేది. ఆమెదీ పోలియో కాలే. మోకాలి మీద చెయ్యి ఆనించి, చేపల చెరువు గట్టు వెంట నడిచి వచ్చేది. పిల్లలు కుంటి పద్మ అనేవారు. "క్లాసులో ఇద్దరు పద్మలున్నాం కదరా, మరెలా గుర్తుపడతారు" అని తనూ నవ్వేది. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. ఎందుకు నచ్చేది కాదో అప్పుడు ఆలోచించలేదు.

కంప్యూటర్ గది బయట అందరం చెప్పులు విడిచేవాళ్లం. ఒకరోజు నేను బయటికొచ్చేసరికి పద్మ నా ఎడమ చెప్పు చేత్తో పట్టుకుని చూస్తోంది. దాని అడుగున మూడు వేళ్ల మందాన అట్టలు కుట్టించి ఉంటాయి. నన్ను చూసి చెప్పు జాగ్రత్తగా కింద పెట్టింది. ఏమీ అడగలేదు. బళ్లో ఎవరికీ చెప్పలేదు కూడా. ఆ రోజు నుంచి లెక్కల్లో ఇంకా ఎక్కువ కష్టపడింది.

పరీక్షలయ్యాక వాళ్ల నాన్నని వెంటబెట్టుకుని స్టాఫ్ రూముకి వచ్చింది. ఆయన చేలు చేపల చెరువులకి లీజుకిచ్చిన రైతు, నెమ్మదైన మనిషి. హెడ్మాస్టరు గారూ, మిగతా టీచర్లూ అందరూ ఉన్నారు.

"ఏవండీ టీచరు గారూ, ఇది ఏలూరు కాలేజీలో చేరతానంటందండి. కాలు బాలేని పిల్ల, బస్సులెక్కి దిగి ఎలా నెగ్గుకొస్తదండి? అడిగితే మీ పేరు చెబుతందండి. మీకూ చిన్నప్పుడు పోలియోనే వచ్చిందంట కదండి. నిజవేనాండి?"

అందరూ నా వైపు చూశారు.

"లేదండీ," అన్నాను. "చిన్నప్పుడు మెట్ల మీంచి పడ్డాను. కట్టు సరిగ్గా కట్టలేదు."

"అదీ సంగతి," అన్నాడాయన కూతురితో. "చూశావామ్మా? ఆవిడగారు పడ్డారంట. మనది వేరు."

పద్మ ఒక్కసారి నా ఎడమ చెప్పు వైపు చూసింది. తను ఒక్క మాట అంటే చాలు, నా అబద్ధం అందరిముందూ బయటపడేది. తన చదువు నిలిచేది. "నేనే పొరపాటు పడ్డాను నాన్నా," అంది. "సారీ టీచర్."

పద్మ కాలేజీలో చేరలేదు.

ఎందుకన్నాను ఆ మాట? వికలాంగుల కోటాలో ఉద్యోగం వచ్చిందంటారని భయపడ్డానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజం. నేను మెరిట్లో వచ్చాను, సర్టిఫికెట్ కోసం ఎక్కడా నిలబడలేదు, దానికి గర్వపడేదాన్ని. కానీ అంతకంటే నిజం ఇంకొకటి ఉంది. పద్మ తనని తాను దాచుకోలేదు. నేను జీవితమంతా దాచిపెట్టినదాన్ని ఆ పిల్ల పగలు, గట్టు మీద, అందరూ చూస్తుండగా నడిపించుకుంటూ వచ్చేది. ఆమె పక్కన నిలబడి "మేమిద్దరం ఒకటే" అంటే నేను కుంటిదాన్నవుతాను. అప్పటికి నన్ను నేను కుంటిదానిగా ఎన్నడూ అనుకోలేదు. అద్దంలో నడుము దాకానే చూసుకునేదాన్ని.

పద్మ ఇంట్లోనే చీరలకి ఫాల్స్ కుట్టింది, చుట్టుపక్కల పిల్లలకి లెక్కలు చెప్పింది. సుఖపడలేదని నేను అనలేను. నాకు తెలియదు. పోయిన నెల కామెర్లు ముదిరి పోయింది. పెద్దకర్మకి వెళ్లాను. వాళ్ల నాన్న నాకు కుర్చీ వేసి, "ఆ పడ్డ కాలు ఎలా ఉందండీ ఇప్పుడు? మెట్లున్న చోటికి వెళ్లకండి. మా అమ్మాయి మీరు కనిపించినప్పుడల్లా పాపం అనుకునేదండి" అన్నాడు.

అప్పుడైనా చెప్పొచ్చు. కూతురు పోయిన మనిషికి ఇంకో బాధ ఎందుకని ఊరుకున్నాననుకుంటే బాగుండును. అది కాదు. నోరు రాలేదు. "పర్వాలేదండీ" అని, భోజనం చేసి, బస్సెక్కాను.

ఆయనకి చెప్పే ధైర్యం నాకు ఎప్పటికైనా వస్తుందో రాదో తెలియదు. వచ్చినా ఆ ఏడాది కాలేజీ తెరిచిన రోజు తిరిగి రాదు. ఆ పిల్ల వాళ్ల నాన్నకి నన్ను చూపించి, "అదిగో, వెళ్లొచ్చు" అనాలనుకుంది. అంతే అడిగింది. నాకు పోలియో. ఈ రెండు ముక్కలు కాగితం మీద నా చేత్తో రాయడం ఇదే మొదటిసారి.