వార్డులో పుట్టిన పురుగు

నితాకత్ చట్టం వచ్చాక సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో ప్రతి కంపెనీకీ ఒక రంగు అంటుకుంది. సౌదీ వాళ్లను తగినంతమందిని పెట్టుకుంటే పచ్చ, తక్కువైతే పసుపు, మరీ తక్కువైతే ఎరుపు. నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉన్న ప్రైవేటు ఆసుపత్రి పసుపులో పడింది. మా ఆఫీసువాళ్లు కామెర్లొచ్చినట్టు తిరిగారు. అప్పుడు మా సూక్ష్మజీవుల ల్యాబులో ఒక సౌదీ అమ్మాయి చేరింది. రంగు మార్చడానికి వచ్చింది, హాజరు వేసుకుని పోతుంది అని మావాళ్లు తీర్పిచ్చేశారు. ఆ తీర్పరులు పీసీఆర్ యంత్రం మీద టీ కప్పులు పెట్టుకునేవాళ్లు. జన్యువులను పట్టిచూపే ఆ యంత్రాన్ని తనిఖీవాళ్ల కోసమే కొన్నారు; వాళ్లు చూసి వెళ్లాక గుడ్డ కప్పాం. అమ్మాయి వచ్చీరాగానే గుడ్డ తీసేసింది. ఆమె చదివింది ఆ చదువేనట. అడిగినవాళ్లెవరూ లేరు మరి.

ఆ రోజుల్లోనే సర్జరీ వార్డులో కుట్లు మానడం మానేశాయి. చీము పరీక్ష చేస్తే స్టాఫ్ అనే బ్యాక్టీరియా. చాలామంది ముక్కుల్లో అది ఊరికే కాపురముంటుంది, ఎవరికీ హాని చెయ్యదు. ఇది మాత్రం పెన్సిలిన్ కుటుంబంలో ఏ మందుకూ లొంగలేదు. డైరెక్టర్ మీటింగు పెట్టాడు. ఆయనది ఏ దేశమో చెప్పను, ఆ రకం అన్ని దేశాల్లోనూ ఉంది. ఆసుపత్రికి పెద్ద సర్జనూ ఆయనే, వార్డులో కుట్లు విప్పి చూసేదీ ఆయనే. ఈ పురుగు లేబర్ క్యాంపుల నుంచి వస్తోందని తేల్చేశాడు. సాక్ష్యంగా వార్డులో ఉన్న ఒక మేస్త్రిని చూపించాడు.

జగిత్యాల వైపు మనిషి అతను. మా ఆసుపత్రి మరమ్మతులు చేసే కంపెనీలో టైల్స్ వేసేవాడు. కట్టర్ జారి అరచెయ్యి తెగితే మా దగ్గరే కుట్లు వేశారు, తర్వాత చీము పట్టింది. పరాయి దేశపు పనివాళ్ల మీద కట్టే లెవీ పెరుగుతోంది, ఎవర్ని పంపించేద్దామా అని చూస్తున్న అతని కంపెనీకి డైరెక్టర్ మాట తేనెలా తగిలింది. చెయ్యి మానకముందే దేశం దాటించే ఎగ్జిట్ కాగితం సిద్ధం చేశారు.

నేను చీము తీసుకోవడానికి వెళ్తే అతను తలెత్తి చూడలేదు.

"పుండు మానిపిచ్చుకుందామని దవాఖానకొస్తే రోగమిచ్చిండ్రు. ఇప్పుడు నన్నే దొంగంటున్నరు భాయ్," అన్నాడు.

మాది కర్నూలు. మా తీరులోనే చెప్పాను. ఈ పురుగు తన చుట్టూ గోడ కట్టుకుంటుందప్పా, మందు పోయి దాని తాపీని పట్టుకుంటుంది, గోడ లేక పురుగు చస్తుంది. ఈ రకానికి మాత్రం ఒక జన్యువుంది, దాంతో మందుకు చిక్కని ఇంకో తాపీ చేసుకుంటుంది. పనిముట్టు సంగతి కాబట్టి వెంటనే అర్థమైంది.

"మరి ఆ తాపీ నా చేతులకు యాడికెళ్లొచ్చింది?"

ఆ ప్రశ్ననే తీసుకెళ్లి అమ్మాయికి చెప్పాను.

చెయ్యి తెగిన రోజు, గాయంలో సిమెంటు ఉందని, ఎమర్జెన్సీవాళ్లు శాంపిల్ పంపారు. దాన్నుంచి పెరిగిన బ్యాక్టీరియా మా ఫ్రిజ్‌లో ఇంకా ఉంది. ముందుచూపు కాదు, పారెయ్యడానికి బద్ధకం. ఆమె దాన్నీ కొత్త చీమునీ పక్కపక్కన పెట్టి యంత్రంలో నడిపింది. మొదటిరోజు బ్యాక్టీరియాలో ఆ జన్యువు లేదు. కొత్తదానిలో ఉంది. అది కూర్చున్న డీఎన్ఏ ముక్క తీరు కూడా, మేస్త్రి కంటే ముందు వార్డులో చేరిన రోగులలో దొరికిన దానితో సరిపోయింది. అతను తేలేదు, మేమే ఇచ్చాం.

అప్పటికే డైరెక్టర్ హుకుం మీద క్లీనర్లకూ నర్సులకూ నాకూ ముక్కు పరీక్షలయ్యాయి. ఎవరిలోనూ అది లేదు. అమ్మాయి దూదిపుల్ల తీసుకుని నేరుగా డైరెక్టర్ గదిలోకి నడిచింది. వెనకాల ట్రే పట్టుకుని నేను. ఇఖామా కార్డు మీద పరాయి దేశంలో ఉన్నవాడికి ట్రే వెనక నిలబడటమే క్షేమం.

"అందరివీ అయ్యాయి డాక్టర్, మీదే మిగిలింది."

సర్జన్లకు అక్కర్లేదని ఆయన నవ్వాడు.

"ముక్కు సర్జన్లకూ ఉంటుంది," అంది ఆమె, నవ్వకుండా.

గదిలో హెడ్ నర్సు ఉంది, గుమాస్తా ఉన్నాడు. కాదంటే బాగుండదు. ఆయన తల వెనక్కి వాల్చాడు.

రిజల్టు వచ్చింది. అదే జన్యువు, అదే తీరు.

మీటింగు రిపోర్టులో "సిబ్బందిలో ఒకరు" అని రాశారు. ఆ ఒకరు ముక్కులో రాసుకునే ఆయింట్‌మెంటుతో సెలవు మీద వెళ్లి, తిరిగొచ్చాక చేతుల శుభ్రత మీద సెమినార్ పెట్టి, ముఖ్య వక్త కూడా తానే అయ్యాడు. మేం చప్పట్లు కొట్టాం. శుభ్రమైన చేతులతోనే.

మేస్త్రి ఎగ్జిట్ ఆగింది. వేరే మందుతో చెయ్యి మానింది. తర్వాత లెవీ మళ్లీ పెరిగినప్పుడు కంపెనీ అతన్ని నిక్షేపంగా పంపించేసింది. ఈసారి సాకుగా పురుగు కూడా అవసరం పడలేదు. మా ఆసుపత్రి పచ్చబడింది, ఆ పచ్చదనం నిలవడానికి నా ఉద్యోగం ఎత్తేశారు; నేను కర్నూలు చేరాను. ల్యాబు ఆ అమ్మాయి చేతికొచ్చింది. అంతకంటే తగినవాళ్లు అక్కడ లేరు కూడా.

మేస్త్రి ఇప్పుడు తన ఊరి చుట్టుపక్కల ఇళ్లకు టైల్స్ వేస్తున్నాడు. చలికాలంలో పిడికిలి పూర్తిగా ముడుచుకోవడం లేదని ఆమధ్య ఫోన్లో చెప్పాడు. పెద్ద ఆసుపత్రిలో ఒకసారి చూపించుకోమన్నాను.

"దవాఖాన పేరెత్తకు భాయ్," అని, మా కర్నూల్లో వానలు పడ్డాయా అని అడిగాడు.