రొట్టె ముక్క మింగే ముందు

మా ఊరు హత్నూర దగ్గర. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలు లేస్తున్న కొత్తలో నా భర్త అక్కడ కూలికి కుదిరాడు. వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. మా ఏసు గుడికి పాస్టరు అయ్యగారు రెండు మూడు నెలలకోసారి సైకిల్ మీద వచ్చి సంస్కారం ఇచ్చేవారు. రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షరసం. ఇచ్చే ముందు ప్రతిసారీ ఒకే హెచ్చరిక: మనసులో పగ ఉంచుకుని దీన్ని ముట్టినవాళ్లు తమకు శిక్షను తామే తిన్నట్టు. నాకప్పుడు చదువు రాదు. ఆయన చెప్పిందే నాకు గ్రంథం.

ఆ భయం ఊరికే పట్టలేదు. ఒక ఏడు, మా అత్త జ్ఞాపకార్థం పెట్టిన భోజనాల్లో నా తోడికోడలు అందరికీ మాంసం కూర వడ్డించి, నా విస్తట్లో మాత్రం ఉత్త పులుసు పోసింది.

"పొయ్యికాడికి రానోళ్లకు ముక్కలెందుకు" అన్నది, పదిమందీ వినేలా.

నేనప్పుడు పచ్చి బాలింతను. ఆ రోజు నుంచి ఆమెతో మాట మానేశాను. అలాగే వెళ్లి సంస్కారం తీసుకున్నాను. ఆ వారమే నా పాపకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. జోగిపేట ఆసుపత్రికి చేరేలోపే పోయింది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. రొట్టె ముక్క నేను మింగితే శిక్ష బిడ్డకు పడిందని నేనే అనుకున్నాను.

ఆ తర్వాత అయ్యగారు వచ్చిన ప్రతిసారీ కడుపు నొప్పని ఇంట్లోనే పడుకున్నాను. మళ్లీ నెలలు నిండుతున్నాయి. ఆదివారం సంస్కారమని కబురు వచ్చింది. తీసుకుంటే ఒక భయం, మానేస్తే దేవుడికి దూరమవుతానని ఇంకో భయం. అన్నం కలిపి కంచంలోనే వదిలేసేదాన్ని.

"పోయి వదినతోని మాట్లాడరాదు" అన్నాడు నా భర్త. "గిట్ల వణుక్కుంట ఎన్నొద్దులుంటవ్?"

శనివారం పొద్దు వాలేవేళ తోడికోడలి ఇంటికి వెళ్లాను. గడపలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. తల ఎత్తలేదు.

"ఏందే, తొవ్వ తప్పినవా?"

"రేపు అయ్యగారొస్తున్నరక్కా."

"ఎరికే. నీకు రేపు కడుపు నొప్పి లేస్తది గద."

గోడ పట్టుకుని నిలబడి అన్నాను. "మనసుల ఏం పెట్టుకోకక్కా. నాకు ఈ బిడ్డ దక్కాలె."

చాట ఆగింది.

"నేను గూడ తీసుకుంటలేనే" అన్నది. "నీ పాప పోయిన కాంచి గుడిల ఎనక కూసుంటున్న. రొట్టె ఇచ్చే యాళ్లకు లేచొస్తున్న. బాలింత నోటికాడి ముక్క ఆపితి. గది నా పిల్లలకు తగుల్తదని రోజూ వాళ్ల ఒళ్లు పట్టి సూస్తున్న."

నేను గడపలోనే ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె లేచి కంచంలో అన్నం పెట్టుకొచ్చింది.

"తిను. ఇయ్యాల పప్పే. ముక్కల్లేవు" అన్నది. నవ్వబోయి ఏడ్చింది.

మర్నాడు ఇద్దరం పక్కపక్కన మోకరించాం. ఆమె చెయ్యి చాపాక నేనూ చాపాను. ముక్కను నాలుక మీదే ఉంచుకున్నాను. కడుపులో బిడ్డ కదిలింది. అప్పుడు మింగాను.

ఆ బిడ్డ బతికింది. అయినా దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకోవడం నేను చాలాకాలం మానలేదు.

తల నెరిశాక అక్షరాలు నేర్చుకుని, వేలు పెట్టుకుంటూ బైబిల్లో ఆ హెచ్చరిక ఉన్న భాగం చదివాను. రోగం, చావు మాటలు అక్కడ ఉన్నాయి. కానీ వాటికి పైన ఇంకో మాట ఉంది. సంస్కారానికి ముందొచ్చినవాళ్లు కడుపు నిండా తింటే, లేనివాళ్లు ఆకలితో మిగిలారట. దాని గురించే ఆ కోపమంతా. అయ్యగారు ఆ ముక్క ఎప్పుడూ చదవలేదు. పసిబిడ్డల మాట ఎక్కడైనా ఉందేమోనని మళ్లీ మళ్లీ వెతికాను. లేదు.

ఇప్పటికీ రొట్టె చేతిలో పడగానే భయం వేస్తుంది. పక్కన ఎవరున్నారో, వాళ్లకు అందిందో లేదో చూసుకుంటాను. ఆ తర్వాతే నోట్లో పెట్టుకుంటాను.