పోసినంత, వచ్చినంత

1968 ఏప్రిల్‌లో మా బావ మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. కేతేపల్లి పక్కన తన పొలంలో యాసంగి వరి కుప్ప విప్పుతుండగా రక్తపింజరి ఆయన మడమ మీద కాటు వేసింది. నల్లగొండ దవాఖానలో విరుగుడు సూదులు పడ్డాయి, చిగుళ్ల నుంచి కారే నెత్తురు ఆగింది, గండం గడిచిందనుకున్నారు అందరూ. మూత్రం రావడం లేదన్న సంగతి మూడో రోజుకు గాని ఎవరికీ తట్టలేదు. నందికొండ ప్రాజెక్టు కొలువులో సెలవు పెట్టి నేను గురువారం మధ్యాహ్నం చేరేసరికి ఆయన ముఖం ఉబ్బి, కళ్లు సన్నని గీతలై ఉన్నాయి.

పట్నంలో చదివి కొత్తగా వచ్చిన డాక్టరు నన్నూ అక్కనూ వరండాలోకి పిలిచి, దాచకుండా చెప్పారు. మూత్రపిండాలు చావలేదు, విషం దెబ్బకు సొమ్మసిల్లాయి. అవి తేరుకునేదాకా వాటి పని మనం చేయాలి. తేరుకోకపోతే ఇక తన చేతిలో ఏమీ లేదు. ఆ పని ఎలా చేస్తారో విని అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బొడ్డు కింద చిన్న రంధ్రం చేసి గొట్టం దింపుతారు. రెండు సీసాల మందునీళ్లు కడుపులోకి వదిలి, కొంతసేపు నిలిపి, సీసాలను మంచం కిందికి దించి ఆ నీళ్లను తిరిగి రాబడతారు. నెత్తురులో పేరుకున్న చెడు వాటితోపాటు దిగి వస్తుంది. మళ్లీ కొత్త సీసాలు. పగలూ రాత్రీ అదే.

నర్సులు తక్కువ. అందువల్ల పోసినంతా వచ్చిందో లేదో చూసి రాసే పని నాకు అప్పగించారు. నా ఉద్యోగమే కాలువ నీటిని కొలవడం. అయినా ఈ కొలత నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. రెండు లీటర్లు పోస్తే పదిహేడు వందల మిల్లీలీటర్లే తిరిగి వచ్చినప్పుడు, మిగతా మూడు వందలు ఒంట్లో ఎక్కడ ఆగాయోనని కళ్లు గొట్టం వెంబడి పరుగెత్తేవి. బావను కుడికి ఒత్తిగిల్లమనేవాణ్ని, వెంటనే ఎడమకు ఒత్తిగిల్లమనేవాణ్ని. వరండా చివరిదాకా నడుద్దామని బయలుదేరి సగంలోనే వెనక్కి వచ్చేవాణ్ని.

వీటన్నిటినీ మించింది దాహం. నోటితో తాగే నీళ్లు రోజుకు అర లీటరు దాటరాదన్నారు డాక్టరు. గుట్టల వేడికి వార్డు గోడలు సెగలు కక్కుతున్న రోజులవి.

"బామ్మర్దీ, జర గొంతు తడుపు."

"ఇంకా గంట కాలేదు బావా."

"మీ అక్కను ఇచ్చేటప్పుడు గింత లెక్క సూడలేదు గదరా మీ ఇంటోళ్లు! నీళ్లకాడికి వచ్చేసరికి గిట్లనా?"

"అప్పుడు నేను చిన్నోణ్ని. నన్ను అడిగితే అప్పుడు గూడ లెక్క సూద్దును."

"లేవనీ నన్ను. నీ సంగతి చెప్త."

నవ్వబోయి ఆయన దగ్గేవాడు. అక్క నవ్వేది కాదు. మూత్రం బిగిసిందంటే వేడి చేసిందని, వేడికి చలువ చేయాలని మా ఇళ్లలో తరాలుగా పాతుకున్న నమ్మకం. సబ్జా నీళ్లు, పల్లేరు కషాయం పోయవలసిన మనిషిని మేము ఎండబెడుతున్నామని ఆమె బాధ.

ఆదివారం సాయంత్రం బావ ఊపిరి మారింది. పడుకోలేక లేచి కూర్చుని, గాలిని నోటితో అందుకుంటున్నట్టు పీల్చసాగాడు. డాక్టరు వీపు మీద స్టెతస్కోపు ఆనించి విని, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందన్నారు. ఎంత తాగాడని నన్ను అడిగారు. అర లీటరుకు చుక్క మించలేదన్నాను. ఆయన నమ్మలేదు. మంచం కిందికి వంగి తాటాకు దొన్నె ఒకటి బయటికి లాగారు. దాన్నిండా ముంజల తొక్కలు.

"నీళ్లు పొయ్యలేదు సారూ," అంది అక్క గాబరాగా. "గేటుకాడ అమ్ముతుంటే ముంజలు తెచ్చి పెట్టిన. చలువ గదా అని."

"ఎన్ని పెట్టినవమ్మా?"

"పొద్దటి సంది డజను అయితయేమో. ముంజ నీళ్లెట్లయితది సారూ?"

"ముంజంటే తోలు కట్టుకున్న నీళ్లే గదమ్మా!"

అక్క నా వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పొద్దారా? నీళ్లు నీళ్లంటివి గని, ముంజల ముచ్చట ఒక్కనాడన్న ఎత్తితివా?"

నేను దొన్నె అందుకుని తొక్కలు లెక్కపెట్టసాగాను.

ఒంటి నీటిని లాగడానికి ఆ తరువాత గ్లూకోజు ఎక్కువ కలిపిన సీసాలు ఎక్కించారు. రెండు లీటర్లు పోస్తే రెండుకు పైగా రాసాగింది. తెల్లవారేసరికి బావ దిండుకు ఆనుకోగలిగాడు. మూత్రం మాత్రం రాలేదు. గొట్టం ఇంకా ఉంచితే కడుపులో చీము పడుతుందని, బుధవారం తీసేయక తప్పదని డాక్టరు సోమవారం చెప్పారు. అప్పటికీ మూత్రం రాకపోతే ఇక చేయగలిగింది లేదు.

మంగళవారం మధ్యాహ్నం బావ నన్ను పిలిచి మూత్రం సీసా అందుకోమన్నాడు. అరవై మిల్లీలీటర్లు, చిక్కటి టీ రంగు. డాక్టరు దాన్ని కిటికీ వెలుతురులో తిప్పి చూసి, ఇంకా ఎక్కువ రావాలని, అయినా తాగే నీళ్లు అంతమేర పెంచవచ్చని అన్నారు.

"ఆ అరవై నేను పొయ్యొచ్చా సారూ?" అని అడిగింది అక్క.

కొలత గ్లాసును కళ్లకు సమంగా ఎత్తి పోసింది. గీత దాటిన చుక్కలను తిరిగి కుండలోకి వంచింది.

"అక్కా తమ్ముడూ ఒక్కతీరుగనే ఉన్నరు," అన్నాడు బావ, గ్లాసు కోసం చెయ్యి చాపి.

మర్నాడు, గొట్టం తీసే బుధవారం పొద్దున, రెండు వందల నలభై వచ్చింది. అప్పటిగ్గాని నేను వరండా బల్ల మీద వీపు ఆన్చలేదు.