అక్క నుదుటి మీద సర్పి

అక్క నుదుటి మీద సర్పి లేచిన సంగతి బావ ఫోన్లో చెప్పాడు. అదీ వేరే మాటల మధ్యలో. శెనక్కాయలు పీకిస్తున్నామని, ఈసారి కాయ సన్నంగా ఉందని చెప్పి, "మీ యక్కకు మొగం మీద సర్పి లేచినాది, ఎర్రమన్ను పూసినాం" అన్నాడు. నేను బత్తలపల్లె హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మరుసటి రోజు సెలవు పెట్టి, నల్లమాడ దగ్గరి వాళ్ల ఊరికి పొద్దున్నే బస్సెక్కాను.

అక్క ఇంట్లో లేదు, చేన్లో ఉంది. తలకు తువ్వాలు చుట్టుకొని, ఎడమ కన్ను సగం మూసుకొని కూలీల వెనకే నడుస్తోంది. తువ్వాలు తీసి చూశాను. ఎడమ వైపు నుదురంతా ఎర్రమన్ను, దాని కింద గుత్తులుగా నీటి పొక్కులు. గీత గీసినట్టు సరిగ్గా నడిమికి వచ్చి ఆగిపోయాయి. ముక్కు కొన మీద కూడా ఒక పొక్కు ఉంది. దాన్ని చూసే నాకు భయమేసింది. ముక్కు కొనకు వచ్చే నరమే కంటికీ పోతుంది.

"అక్కా, పద. అనంతపురం పోదాం."

"యాడికీ రాను. కాయలన్నీ బయటే ఉండాయి, వానొస్తే బూజు పడతాది. సర్పి పాము మాదిరి చుట్టుకోని తలా తోకా కలిస్తే గదా భయం? ఇది సగంలోనే నిలబడింది, చూడు."

"కన్ను పోతాదక్కా."

ఆమె నా వైపు కాక, గట్టు మీదున్న బావ వైపు చూసింది. "కాయల సంగతి నేను చూసుకుంటాలే, పో" అన్నాడాయన.

బస్సులో కిటికీ గాలి తగిలితే నిప్పు పెట్టినట్టుందని అక్క లోపలి సీట్లోకి జరిగింది.

కళ్ల డాక్టరు పెద్దావిడ. లైటు వేసి చాలాసేపు చూసింది. నల్లగుడ్డు మీద వాపు ఉంది గాని చూపు పోదని, ఇంకా ఆలస్యం చేసి ఉంటే ఆ మాట చెప్పగలిగేదాన్ని కాదని అంది. రక్తం పరీక్ష చేయిస్తే షుగర్ కూడా ఉన్నట్టు తేలింది. అక్కకు అంతవరకు ఆ సంగతే తెలియదు.

"చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?" అని డాక్టరు అడిగింది.

"నాకూ, ఈ మా చెల్లెలికీ పోసింది. వేపమండలు పరిచి ఒకే గదిలో పండబెట్టినారు. ఇది గీరుకుంటాందని దీని చేతులు నా రిబ్బన్‌తో కట్టేసి ఉంటి."

"అప్పటి వైరస్సే ఇది."

"అది నా పెండ్లి కాకముందు మాట గదమ్మా!"

డాక్టరు కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది. వైరస్ దూరితే చాలాసార్లు చర్మంలోని కణం తనను తానే చంపుకుంటుందని, పక్కవాటికి పాకకుండా అలా ఆపుతుందని చెప్పింది. ఒకటి పోతే దాని చోట ఇంకొకటి పుడుతుంది. నరాల కణాలకు ఆ వీలు లేదు. అందుకే అవి అంత తేలిగ్గా చావవు. వైరస్‌ను లోపలే నిద్రపుచ్చి, దాంతోనే బతుకుతాయి. కణాలు తమను తాము చంపుకోవడం గురించి నేను క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను. చావకుండా ఉండిపోయే కణాల గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

"అంటే ఇన్నేండ్లూ నా తలకాయలోనే పండుకోని ఉండ్యా?"

"అవును. పుర్రె లోపల, చెవికి దగ్గర్లో, ఒక నరాల ముడిలో. ఒళ్లు నీరసపడితే లేస్తుంది."

"అప్పుడే చంపేసి ఉంటే పీడ పోయేది గదా?"

"దాన్ని చంపాలంటే నరమూ చావాలమ్మా. అప్పుడు నీ నుదురు ఉన్నట్టే నీకు తెలిసేది కాదు."

అక్క నా వైపు వేలు చూపించింది. "దీనికీ ఉండాదా?"

"ఉంటుంది."

పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది. "అట్లయితే దీన్ని గూడా చూడు తల్లీ."

మాత్రలకు, చుక్కల మందుకు పొక్కులు ఎండిపోయాయి. కన్ను దక్కింది. ఈలోగా వాన పడి కొన్ని కాయలు బూజు పట్టనే పట్టాయి. మంట మాత్రం పోలేదు. వైరస్ లేచినప్పుడు కొన్ని నరాలు దెబ్బతిన్నాయని డాక్టరు చెప్పింది.

"చచ్చినవి మళ్లా పుట్టవా?" అని అక్క నన్ను అడిగింది.

"పుట్టవక్కా."

లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

ఆ ఎండాకాలమంతా ఆమె తలకు ఎడమ వైపు దువ్వెన తగలనివ్వలేదు. ఆదివారాలు నేను పోయి కుడి వైపు దువ్వి, ఎడమ వైపు వేళ్లతో మెల్లగా చిక్కు తీసేదాన్ని. అప్పటికీ పళ్లు బిగబట్టేది. తొలకరి రోజుల్లో ఒక ఆదివారం నేను పోయేసరికి తనే తల దువ్వుకొని జడ వేసుకుంది. పాపిట వంకరగా ఉంది. విత్తనాల మూటలు వాకిట్లోనే వదిలేసినావేమని బావ మీద గట్టిగా అరుస్తోంది.