ఉబ్బిన గీత, దిగిన గీత

మీరు అబద్ధం చెప్పారు. మొన్న మంగళవారం మా మేనత్త పోయిన రోజు, ఆమె వాకిట్లో చెప్పులు విడుస్తూనే "వయసైపోయింది గదప్పా" అని ఒకరి తర్వాత ఒకరు నాతో అన్నారు. నేను తలూపాను. ఆ పూట నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. కోపం ఇప్పుడొచ్చింది. ఏడుపు ఇంకా రాలేదు.

ఆమె మీలో చాలామందికి తెలుసు. బంగారు గనుల పక్కన రాబర్ట్‌సన్‌పేటలో ఫోటో స్టూడియో నడిపింది. అది మూతపడ్డాక పాత నాణేలను దగ్గరి లెన్సుతో ఫోటో తీసి, చిన్న బిళ్ళను తెర నిండా చేసి చూపించేది. అచ్చు తప్పిన బిళ్ళకు లక్షలిస్తారని ఫోన్లో వీడియోలు చూసి ఆమె ఇంటికి వరస కట్టింది మీరే. వచ్చేముందు బిళ్ళను దేవుడి చెంబు తోమినట్టు చింతపండు పెట్టి తోముకొచ్చేవారు. ఆమె తల పట్టుకునేది.

"దాని కతంతా ఆ మురికిలోనే ఉండేదప్పా. కడిగేసి తెస్తే ఇంగ నేనేం చూసేది?"

లైటు ఎప్పుడూ బల్లకు ఆనించి పక్కనుంచే వేసేది. నెత్తిమీదనుంచి వేస్తే అన్నీ నునుపుగానే కనిపిస్తాయనేది.

ఒకసారి బేతమంగళ రైతు ఒకాయన రూపాయి బిళ్ళ తెచ్చాడు. బొమ్మకు అడ్డంగా గీత. లక్షలు పలుకుతుందని ఫోన్లో ఎవరో చెప్పారట. "అయితే ఆ ఫోన్లో వాడికే అమ్మేయప్పా, ఈడికెందుకు వచ్చినావు?" అంది. ఆయన నవ్వేసి కూర్చున్నాడు. ఫోటో తెరమీదికొచ్చింది. నాగలి సాలు పక్కన మట్టి లేచినట్టు, గీతకు రెండు వైపులా లోహం లేచి ఉంది.

"పుట్టుకతోనే అట్ల ఉండాదేమో అమ్మా," అన్నాడు ఆశ చావక.

"టంకశాలలో అచ్చు పగిలుంటే గీత పైకి ఉబ్బతాది. ఇది లోపలికి దిగింది. ఎవరో గీకినారప్పా. ఒకరు చేసిందాన్ని పుట్టుక మీదికి తోయొద్దు."

ఆమె అన్నది బిళ్ళ గురించే. నాకు మాత్రం మా తాత గుర్తొచ్చాడు. గనిలో రాయి తొలిచి, దగ్గి దగ్గి పోయాడు. మా వంశానికే ఊపిరి బలం లేదన్నారట అప్పుడు. అత్త ఏనాడూ గనిలోకి దిగలేదు. ఆమె ఇల్లు సైనైడు దిబ్బల కింద, అంటే బంగారం తీసేశాక గనివాళ్ళు పారబోసిన రాతిపొడి గుట్టల కింద. గాలి ఇటు తిరిగినప్పుడల్లా లెన్సు మీద తెల్లటి పొడి తుడుచుకునేది. పోయిన ఏడాది దగ్గు పట్టుకుంది. ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి అడ్డం పెట్టి, బిళ్ళను చూసినంత సేపు చూసింది.

"ఇది కూడా దిగిన గీతే," అని నా చేతికిచ్చి టీ పెట్టడానికి వెళ్ళింది.

వయసు అనేస్తే ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. మీకు అదే హాయి.

ఆ మంగళవారం ఆమె నుదుట పెట్టడానికి రూపాయి బిళ్ళ కావాల్సొచ్చింది. మా వదిన ఆమె బల్లమీదనుంచే ఒకటి తీసి, చింతపండుతో తోమి తెచ్చింది. తప్పు పట్టలేను, ప్రేమతోనే తోమింది. చల్లబడిన ఆ నుదుటి మీద అది కొత్తదానిలా మెరిసింది. దానిమీద ఏ మరకా లేదు.

నేను అడిగేవి ఇవి.

దిబ్బలను మట్టీ గడ్డీ వేసి కప్పమని సర్కారును నాతో కలిసి అడగండి.

దిబ్బల కింది వీధుల్లో అందరికీ ఊపిరితిత్తుల పరీక్ష ఉచితంగా చేయాలి. ఫలితం వాళ్ళకు అర్థమయ్యే భాషలో చెప్పాలి.

దుమ్ముతో పోయినవాళ్ళను దుమ్ముతో పోయారనే చెప్పండి.

నుదుటి బిళ్ళను తోమకండి.